బంక, జిగురు, గుగ్గిలం ఒకటేనా? గమ్ అనే మాట ఎక్కడిది?

ఒకటి కాదండీ. బంక, జిగురు అనేవి అంటుకునే గుణాన్ని చెప్పే మాటలు, అందుకే చెట్టుతో పనిలేని మట్టిని కూడా బంకమట్టి అంటాం, బెండకాయ కోస్తే చేతికి అంటేదాన్ని జిగురు అంటాం. గుగ్గిలం అలా కాదు, అది చెట్టు నుంచి కారి గట్టిపడే ఒక రకం సరుకు పేరు, సంస్కృతంలోని గుగ్గులు నుంచి వచ్చింది.

నేను బొమ్మలకు నీటి రంగులు సొంతంగా నూరుకుంటాను కాబట్టి ఈ తేడా రోజూ చేతిలో కనిపిస్తుంది. తుమ్మబంక పలుకుల్ని రాత్రి నీళ్లలో వేస్తే ముందు అంచులు మెత్తబడతాయి, తర్వాత ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, తెల్లారేసరికి తేనె రంగు చిక్కటి నీళ్లు మిగిలి బెరడు ముక్కలు అడుగున చేరతాయి, పల్చటి గుడ్డలో వడకడితే చాలు. గుగ్గిలాన్ని అలాగే నానబెట్టండి, ఎన్ని రోజులున్నా రాయిలాగే ఉంటుంది. అది కరగాలంటే టర్పెంటైన్ లాంటిది కావాలి. నిప్పు మీద వేస్తే గుగ్గిలం కరిగి బుడగలు కట్టి వాసనతో పొగ వదులుతుంది, బంకేమో ఊరికే మాడి బొగ్గవుతుంది. బంకలన్నీ నీళ్లలో కరుగుతాయని అనుకోకండి, తపసి బంక పూర్తిగా కరగదు, నీళ్లు పీల్చుకుని జావలా ఉబ్బుతుంది, అయినా బంకే.

ఇక గమ్ విషయం. ఇంగ్లీషు వాళ్లకు ఫ్రెంచి నుంచి, ఫ్రెంచికి లాటిన్ గుమ్మి నుంచి, లాటిన్‌కు గ్రీకు కొమ్మి నుంచి వచ్చింది, గ్రీకులు దాన్ని ఈజిప్టు భాష నుంచి తీసుకున్నారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టువాళ్లు మమ్మీల గుడ్డలకు ఈ కొమ్మినే పూసేవాళ్లని, జిగురు బదులు ఎక్కువగా దాన్నే వాడేవాళ్లని రాశాడు. వాళ్ల నల్ల సిరా కూడా మసిలో బంక కలిపి చేసిందే. నేను నూరే నల్ల రంగు కూడా అంతే, మసి, తుమ్మబంక, నీళ్లు. ఇన్ని వేల ఏళ్లలో ఆ పద్ధతి మారకపోవడం నాకు నిజంగా అద్భుతంగా అనిపిస్తుంది.

రెండు గుణాలూ కలిసినవీ ఉన్నాయి, ఇంగువ అలాంటిదే, అందులో బంకా ఉంది, గుగ్గిలంలాంటి పదార్థమూ ఉంది, వాసనిచ్చే నూనె కూడా ఉంది. లక్కను మాత్రం వీటిలో కలపకండి, కొమ్మల మీద దొరికినా దాన్ని చేసేది చెట్టు కాదు, పురుగులు.