పాత మెషీన్ల లెక్క చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి అప్పజెప్పవచ్చా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో మీకు చిన్న మెషీన్ షాప్ ఉంది, మెషీన్లు పాతవి. ఏ మెషీన్ మీద ఎన్ని పీసులు వచ్చాయో ఆఫీసులో కూర్చుని చూడాలి. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు మెషీన్లు మారిస్తేనే కుదురుతుందన్నారు. ఎనిమిది, పదిమంది ఉన్న కంపెనీని నమ్మి ఈ పని ఇవ్వవచ్చా అని.

ఇవ్వవచ్చు. నేను అలాంటి ఎనిమిది మంది కంపెనీలోనే పనిచేస్తున్నాను. అచ్చం మీలాంటి పనే బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యాలో చేశాం, దాని గురించి చెబుతాను.

ఆ షెడ్డులో తొమ్మిది సీఎన్‌సీ మెషీన్లు, అంటే ప్రోగ్రాం ఎక్కిస్తే దాని ప్రకారం లోహాన్ని కోసేవి. కంట్రోలర్లు పాతవి, నెట్‌వర్క్ పోర్టు లేదు. ప్యానెల్ తెరిచి ఒక వైరు లాగుదామంటే, బయటివాళ్ళు ముట్టుకుంటే ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) చెల్లదని సర్వీసు వాళ్ళు అన్నారు. అంటే మెషీన్‌ను తాకకుండానే అది ఏం చేస్తోందో తెలుసుకోవాలి. మా సీనియర్ ఒకాయన చాలాసేపు నిలబడి చూసి, ప్రతి మెషీన్ నెత్తి మీదుండే టవర్ ల్యాంప్ చూపించారు. ప్రోగ్రాం నడుస్తుంటే పచ్చలైటు, ఆగితే పసుపు. పచ్చలైటు ఒకసారి వెలిగి ఆరితే ఒక పీస్ అయినట్టని లెక్క పెట్టుకున్నాం. ఆ పచ్చలైటు మీద ఒక ఎల్‌డీఆర్, అంటే వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్, అంటించాం. వెలుతురు పడితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, అంతే. పది రూపాయలు కూడా చేయని వస్తువు. పక్కన దాన్ని చదివి లెక్కపెట్టే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. రేకుల షెడ్డులో వైఫై సరిగ్గా అందక, ఆర్‌ఎస్-485 పద్ధతిలో రెండు తీగల కేబుల్ ఆఫీసు దాకా లాగాం. అది 1200 మీటర్ల దాకా పనిచేస్తుంది, మాకు కావలసింది వంద మీటర్ల లోపే.

వారం బాగానే నడిచింది. తర్వాత రోజూ మధ్యాహ్నం మూడు దాటితే రెండు మెషీన్ల లెక్క ఆగిపోయేది. నేను రెండుసార్లు వెళ్ళి కోడ్ అంతా వెతికాను, తప్పు దొరకలేదు. మూడోసారి మూడింటి దాకా అక్కడే ఉన్నాను. పైకప్పులో వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకులోంచి ఎండ జారి, సరిగ్గా ఆ రెండు ల్యాంపుల మీద పడింది. ఇక పచ్చలైటు ఆరినా సెన్సర్‌కు తెలియదు. ఆపరేటర్ అన్న హిందూపురం మనిషి. నేను పైకి చూస్తుంటే ఆయనకు అర్థమైపోయింది. పాత కూలెంట్ గొట్టం, నల్లటి రబ్బరుది, రెండంగుళాల ముక్క కోసి తెచ్చి సెన్సర్‌కు తొడిగాడు. ల్యాంప్ వైపు తప్ప ఇంకెక్కడి నుంచీ వెలుతురు రాదు. నేనైతే ప్రోగ్రాంలో పరిష్కారం కోసం ఇంకో వారం తంటాలు పడేవాణ్ణి.

తర్వాత ఇంకో చిక్కు. ఒక షిఫ్టులో డబ్బాలో 92 పీసులుంటే మా స్క్రీన్ మీద 109. ఆయన్నే అడిగాను.

“సార్, మధ్యలో ఇన్సర్ట్, అదే కోసే మొన, మార్చినా పచ్చలైటు ఆరిపోతుంది కదా. అది పీస్ అయినట్టు కాదు. మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెడతాను.”

“అయితే ఆ రెండు ముక్కలూ కలిపితే ఒక పీస్ అవుతుందా, అన్నా?”

“కలిపితే ఇంచుమించు సరిపోతుంది.”

దాంతో రూల్ మార్చాం. కొత్త జాబ్ ఎక్కించినప్పుడు మొదటి పీస్ అయ్యాక ఆపరేటర్ ఒక బటన్ నొక్కుతాడు, ఆ టైమ్ గుర్తుంటుంది. ఆ జాబ్‌కు 3 నిమిషాల 40 సెకన్లు. పచ్చలైటు అంతకన్నా ముందే ఆరితే మా సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కేయకుండా దాచి, తర్వాతి ముక్కతో కలిపి, నిండాకే ఒకటి అంటుంది. ఆ రోజు నుంచి డబ్బాలో పీసులకూ స్క్రీన్ మీద అంకెకూ తేడా ఒకటీ రెండుకు మించలేదు.

నేను చూసినంతలో చిన్న కంపెనీ బలం ఇక్కడే ఉంది. కోడ్ రాసే మనిషే వచ్చి మెషీన్ దగ్గర నిలబడతాడు. అలా రాని చిన్న కంపెనీకి ఇవ్వకండి. మాట్లాడేటప్పుడే ఒక షిఫ్టు మొత్తం మీ షెడ్డులో ఉండమని అడగండి. వెనకాడితే అక్కడే వదిలేయండి.

భయపడాల్సిన విషయం కూడా ఒకటుంది. మా కంపెనీలో ఈ పని పూర్తిగా తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇద్దరమూ మానేస్తే ఆ యజమాని పరిస్థితి ఏమిటి? అందుకే సోర్స్ కోడ్, వైరింగ్ బొమ్మ, ఒక స్పేర్ బోర్డు తన చేతికి ఇచ్చాకే చివరి బిల్లు కడతానని ఆయన మొదటే రాయించుకున్నారు. మీరూ రాయించుకోండి. ఏ మంచి కంపెనీ అయినా ఒప్పుకుంటుంది.

అకౌంట్లు, జీఎస్టీ, జీతాలకు మాత్రం రెడీమేడ్ సాఫ్ట్‌వేరే కొనండి. రూల్ మారినప్పుడల్లా మాలాంటి వాళ్ళతో మార్పించుకుంటూ కూర్చోవడం దండగ.

ఆ షెడ్డులో ఈమధ్య ఇంకో రెండు మెషీన్లు దించారు. సెన్సర్లు పట్టుకుని వెళ్ళేసరికి ఆపరేటర్ అన్న రెండు గొట్టం ముక్కలు కోసి, తుడిచి, టూల్ ట్రేలో పెట్టి ఉంచాడు.