నడుస్తున్నప్పుడు పలకరిస్తే నాన్నగారు ఎందుకు ఆగిపోతున్నారు?

మీ నాన్నగారికి 71 ఏళ్లని, వీధిలో మీతో నడుస్తూ ఉండగా ఏదైనా అడిగితే నిలబడిపోయి, జవాబు చెప్పాకే మళ్లీ అడుగు వేస్తున్నారని రాశారు. చెవి సరిగా వినపడక అలా చేస్తున్నారా, లేక ఆ వయసుకు మామూలేనా అన్నది మీ ప్రశ్న. మూడేళ్ల క్రితం మా అమ్మను చూసి నేనూ చెవి గురించే అనుమానపడ్డాను. నేను డాక్టరును కాను. రాజమహేంద్రవరంలో అమ్మతో ఉంటున్న కూతురిని. అప్పట్లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించే సంగతులే రాస్తున్నాను.

అమ్మ లెక్కల టీచరుగా రిటైరైంది. అప్పుడు ఆమెకు 73. సాయంత్రం గుడికి వెళ్తూ దారి పొడవునా విష్ణు సహస్రనామం చదువుకునేది, ఒక్క అడుగు తడబడేది కాదు. అదే దారిలో నేను "ఈ నెల కరెంటు బిల్లు ఎంత వచ్చిందమ్మా?" అంటే చాలు, ఉన్నచోటే ఆగిపోయేది. సహస్రనామం ఏళ్ల తరబడి నోటికి వచ్చినది, దానంతట అది సాగిపోతుంది. బిల్లు ఎంతో చెప్పాలంటే గుర్తు తెచ్చుకోవాలి, ఆలోచించాలి. ఈ తేడా రోజూ నా కళ్ల ముందే ఉన్నా నేను పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే పూలబుట్ట పట్టుకుని పెరటి మెట్లు ఎక్కుతోంది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని నేను గదిలోంచే "అమ్మా, బీరువా తాళం ఎక్కడ పెట్టావు?" అని కేకవేశాను. ఆ రోజు ఆమె ఆగలేదు. నాకు జవాబు చెప్పాలని తల తిప్పింది, కాలు మెట్టు అంచుకు తగిలింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి కింద పడి ఉంది. నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట, "దేవుడి గూట్లో ఉంది చూడు". తాళం గురించి. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కట్టు విప్పాక ఫిజియోథెరపిస్టు ఒక పరీక్ష పెట్టారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. అమ్మకు 13 సెకన్లు పట్టింది. రెండోసారీ అదే నడక, కాని నూరు నుంచి మూడేసి తగ్గిస్తూ పైకి చెప్పాలి. 97, 94, 91, 88... లెక్క ఒక్కటీ తప్పలేదు. నడకకు మాత్రం 21 సెకన్లు పట్టింది. అడుగులు కురచ అయ్యాయి, పాదాలు నేలకు రాసుకున్నాయి, తిరిగే చోట రెండుసార్లు ఆగింది. "ఆవిడ లెక్కను కాపాడుకుని నడకను వదిలేశారు" అన్నారాయన. ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన మనిషికి లెక్క తప్పడం కంటే అడుగు తప్పడమే తేలిక కాబోలు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం ఆ తరం వాళ్ల మర్యాద కూడా.

ఆయన వివరించాక నాకు అర్థమైనది ఇది. వయసులో ఉన్నప్పుడు నడకకు పెద్దగా ఆలోచన అక్కరలేదు. వయసు మీదపడి కాళ్ల బలం, కంటిచూపు, అరికాళ్ల స్పర్శ తగ్గేకొద్దీ ఆ లోటు పూడ్చడానికి మెదడు అడుగడుగునా శ్రద్ధ పెట్టవలసి వస్తుంది. మాటకు, జ్ఞాపకానికి కావలసిందీ ఆ శ్రద్ధే. రెండింటికీ చాలనప్పుడు ఏదో ఒకటి వెనకబడుతుంది. మీ నాన్నగారు ఆగి జవాబు చెప్పడం ఒక విధంగా ఆయన తీసుకుంటున్న జాగ్రత్తే. దయచేసి "నడుస్తూ చెప్పండి నాన్నా" అని తొందరపెట్టకండి.

అలాగని ఊరుకోనూ కూడదు. 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్వీడన్ పరిశోధకుల చిన్న అధ్యయనం ఒకటి వచ్చింది. వృద్ధుల వసతిలో ఉంటున్న 58 మందితో నడుస్తూ మాట కలిపి చూశారు. 12 మంది మాట మొదలవగానే ఆగిపోయారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడ్డారు. ఆగకుండా నడిచిన 46 మందిలోనూ 11 మంది పడ్డారు, కాబట్టి ఆగకపోతే భయం లేదని కాదు. ఆగుతున్నారంటే మాత్రం పడే ప్రమాదం ఎక్కువని తెలుసుకుని డాక్టరుకు చూపించండి. అమ్మకు లేచి నిలబడగానే బీపీ బాగా పడిపోతోందని అక్కడే బయటపడింది, మాత్రల మోతాదు మార్చారు. కంట్లో శుక్లం ముదిరిందనీ తెలిసింది. షుగరు వల్ల పాదాల తిమ్మిరి, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), మతిమరుపు జబ్బు తొలిదశ లాంటివి కూడా ఇలా నడకలో బయటపడవచ్చు. మీ నాన్నగారిలో ఈ మార్పు హఠాత్తుగా వచ్చినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక పక్క చేయి లేదా కాలు బలహీనపడినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో మేం మార్చుకున్నది ఎక్కువగా మా అలవాట్లనే. మెట్ల మీద, గడప దగ్గర, తడి నేల మీద ఉన్నప్పుడు అమ్మను ఎవరూ పిలవరు. ఏదైనా అడగాలంటే ఎదురుగా వెళ్లి, ఆమె నిలబడ్డాక అడుగుతాం. వేడి కాఫీ గ్లాసుతో నడవనివ్వం, అది ఒలకకుండా చూసుకోవడం కూడా రెండో పనే. ఫోను మోగితే పరుగు పెట్టవద్దని అమ్మకూ, ఎత్తకపోతే తర్వాత మళ్లీ చేయమని బంధువులందరికీ చెప్పాం. అన్నిటికంటే కష్టమైంది ఇదే. అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఫోనంటే ఆమెకు ప్రాణం. చివరికి రోజూ రాత్రి ఎనిమిదింటికే చేసేలా అన్నయ్యతో మాట్లాడాను, ఆ వేళకు ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది.

ఫిజియోథెరపిస్టు సాధన కూడా చేయించారు. మొదట కాళ్లకు బలం, నిలకడ వచ్చే వ్యాయామాలు. తర్వాత నేను పక్కనే పట్టుకునేంత దగ్గరలో ఉండగా, నడుస్తూ కూరగాయల పేర్లు చెప్పడం, పదమూడో ఎక్కం చదవడం. కొన్ని నెలల్లో తేడా కనిపించింది. ఇది ఎవరూ పక్కన లేకుండా చేయించవద్దు.

వయసులో ఉన్న మనకూ ఇది వర్తిస్తుంది. 2012లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, ఫోనులో సందేశం టైపు చేస్తూ నడిచిన యువతీయువకుల వేగం 33 శాతం తగ్గింది, తిన్నగా వెళ్లకుండా పక్కకు జరగడం 61 శాతం పెరిగింది. తూలినా మనం నిలదొక్కుకుంటాం, పెద్దవాళ్లకు ఆ వ్యవధి ఉండదు. అందుకే నాన్నగారి చేయి పట్టుకుని నడిచేటప్పుడు మీ ఫోను కూడా జేబులోనే ఉంచండి.

అమ్మ ఇప్పుడు ఎవరైనా పిలిస్తే ముందు అరచేయి ఎత్తి చూపిస్తుంది, ఉండమన్నట్టు. గోడో, కిటికీ చువ్వో పట్టుకుని, రెండు పాదాలూ నేల మీద ఆనించి, అప్పుడు తల తిప్పుతుంది. "ఇప్పుడు అడుగు" అంటుంది.