మేస్త్రీని తెచ్చింది బావగారు, పోట్లాడుకుంటున్నది మేమిద్దరం

మాది రాజమండ్రి. మామగారు కట్టించిన పాత ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టాం. రెండు బాత్‌రూములు, వంటగది, హాల్లో ఫ్లోరింగ్, ఇల్లంతా రంగులు. మెటీరియల్‌తో కలిపి 6,20,000కి మాట్లాడుకున్నాం. మేస్త్రీ మా పెద్ద ఆడపడుచు భర్త తెచ్చిన మనిషి కాబట్టి కాగితం రాసుకోలేదు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఉగాదికి అప్పగిస్తానన్నాడు. శ్రావణం వస్తోంది, సగం కూడా కాలేదు. మధ్యలో మామగారు వాస్తు అని సింకు ఈశాన్యానికి మార్పించారు. ఇప్పటికి 4,80,000 ఇచ్చాం. టైల్స్‌కి ఇంకో 60,000 ఇస్తేనే పని కదులుతుందంటున్నాడు. నేను అడిగితే ‘మీకు తెలీదమ్మా, సార్‌తో మాట్లాడతా’ అంటాడు. మావారేమో ‘బావ ఏమనుకుంటాడో’ అని నోరెత్తరు. ఓసారి నేను గట్టిగా అడిగితే ఆ సంగతి ఆడపడుచు ఇంటిదాకా వెళ్లింది. అప్పట్నుంచి మావారు ముభావంగా ఉంటున్నారు. హాల్లోనే వంట, దుమ్ముకి మామగారికి ఆయాసం, అమ్మాయికి ఇంటర్ రెండో సంవత్సరం. మేస్త్రీని మార్చేద్దామంటే ఇచ్చిన డబ్బు పోతుందేమోనని భయం. మామగారిని కొన్నాళ్లు ఎక్కడికైనా పంపితే తప్పుపడతారా? ఏం చేయమంటారు?

– ఒక సోదరి

ముందు ఆ 60,000 ఇవ్వకండి. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు. సగం పని కాకుండానే ముప్పాతిక వంతుకు పైగా డబ్బు చేయి దాటింది. అతన్ని మళ్లీ మీ గుమ్మం ఎక్కించేది మీ దగ్గర మిగిలిన 1,40,000 మాత్రమే. టైల్స్ కావాలంటే మీరే షాపుకి వెళ్లి, మీ పేరు మీద బిల్లు రాయించుకుని, డబ్బు షాపువాళ్లకే కట్టండి. అంత మేరకు అతనికి ఇవ్వాల్సిన దాంట్లో తగ్గించుకోండి. టైల్స్ కోసమే అడుగుతుంటే అతను కాదనడు. కాదన్నాడంటే ఆ డబ్బు వేరే చోటికి వెళ్లాల్సి ఉందని అర్థం.

ఆ వేరే చోటు ఏమిటో కూడా చెప్తాను. చాలామంది మేస్త్రీలు ఒకేసారి మూడు నాలుగు ఇళ్ల పని ఒప్పుకుంటారు. మీరిచ్చిన అడ్వాన్సు ఇంకో పేటలో కూలీల వారం బట్వాడాకి పోతుంది. మీ ఇంట్లో పని చేసినవాళ్లకి ఇవ్వాల్సిన రోజుకి మరొకరి అడ్వాన్సు కోసం వెతుక్కుంటాడు. ఫోన్ ఎత్తకపోవడం, ‘కూలీలు ఊరెళ్లారండీ’ అనడం వెనక ఎక్కువగా ఉండేది ఈ సర్దుబాటే. మిమ్మల్ని ముంచాలనే వచ్చాడని అనుకోనక్కర్లేదు. అలాగని అతని సర్దుబాట్లన్నీ మీ డబ్బుతో జరగాల్సిన పనీ లేదు.

ఇన్నాళ్లూ మీరు ‘ఎప్పుడు పూర్తి చేస్తావ్’ అని అడుగుతున్నారు. దానికి అతని దగ్గర రోజుకో జవాబు ఉంటుంది. ‘ఇప్పటిదాకా ఎంత పని చేశావ్’ అని అడగండి. అతను చెప్పేదాకా ఆగకుండా మీరే తేల్చుకోండి. మీ ఊళ్లో ఇళ్ల ప్లాన్లు గీసే సివిల్ ఇంజనీరు ఎవరినైనా ఒక పూట పిలిపించి, అయిన పని కొలిపించండి. ఎన్ని చదరపు అడుగుల టైల్స్ పడ్డాయి, ఎంత ప్లాస్టరింగ్ అయింది, పైపులు ఎక్కడిదాకా వచ్చాయి, దాని విలువ ఎంత అన్నది ఆయన సంతకంతో కాగితం మీదికి రావాలి. ఆయనకిచ్చే ఫీజు గురించి వెనకాడకండి. మీకున్న గట్టి ఆధారం అదే అవుతుంది.

ఆయన వచ్చేలోపు మీరు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. వేసిన టైల్స్‌ని ఒక రూపాయి బిళ్లతో తట్టి చూడండి. డొల్లగా మోగిందంటే కింద సిమెంటు సరిగ్గా పరచలేదు, అది ఎప్పటికైనా లేస్తుంది. బాత్‌రూములో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి ఎటు పోతాయో చూడండి. జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తే వాలు తప్పింది. జాలీకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి. మర్నాటికి పక్క గోడకి చెమ్మ కనబడితే అది వీడియో తీసి పెట్టుకోండి. గోడలోకి దిగిన నీళ్ల ముందు ‘మీకు తెలీదమ్మా’ అన్న మాట నిలబడదు.

మీ వైపు లోటు కూడా ఒకటి ఉంది. సింకు చోటు మార్చారని ఒక్క వాక్యంలో దాటేశారు. వేసిన పైపులు తీసి మళ్లీ వేయడానికి మెటీరియలూ, కూలీ అవుతాయి. దానికెంతో ఆ రోజే తేల్చుకోలేదు. ఇప్పుడు ఆలస్యానికంతా అతను దాన్నే సాకుగా చూపిస్తాడు. ఆ ఖర్చు ఇంజనీరు చేత విడిగా కట్టించి, న్యాయంగా ఎంతైతే అంత ఒప్పుకోండి. ఇకమీదట మామగారు ఏ గోడ గురించి చెప్పాలన్నా మీకో మీవారికో చెప్పాలి, నేరుగా మేస్త్రీకి కాదు. ముగ్గురు మూడు మాటలు చెప్పే ఇంట్లో ఏ మేస్త్రీ అయినా తనకు అనుకూలమైన మాటే వింటాడు.

ఇక మీవారి సంగతి. ఆయనకి బాధ లేదని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. మేస్త్రీని నిలదీస్తే బావగారిని నిలదీసినట్టే అవుతుందని ఆయన భయం. అక్క కాపురం ఉన్న ఇంటితో మాట పడకూడదని పెరిగిన తమ్ముళ్లకి ఇది మామూలే. అందుకే అక్కడ చూపించలేని కోపం మీ మీదికి వస్తోంది. అది సరైనదని అనను. కానీ ‘మీకు మీ అక్కావాళ్లే ఎక్కువ’ అని మీరన్నకొద్దీ ఆయన ఇంకా ముడుచుకుపోతారు.

దుమ్ములో, మామగారు వింటుండగా, రాత్రి పదింటికి ఈ మాట ఎత్తకండి. ఒక సాయంత్రం ఇద్దరూ పుష్కర ఘాట్ దాకా వెళ్లి కూర్చోండి. కొలతల కాగితం చూపించి, ‘ఇచ్చింది ఇంత, అయిన పని ఇంత. బావగారిని తప్పుపట్టమని అడగడం లేదు, పెద్దమనిషిగా ఒక గంట కూర్చోమని పిలవండి చాలు’ అనండి. ఫోన్ మాత్రం మీవారే చేయాలి. ‘బావా, మీ మాట మీద కాగితం లేకుండా ఇచ్చాం. ఆదివారం మీరు కూడా వస్తే మేస్త్రీతో లెక్క చూసుకుందాం’ అంటే అందులో నింద లేదు. చాలామంది బావలు ఆ పిలుపుకి సంతోషంగానే వస్తారు, తన మాట నిలబెట్టుకునే అవకాశం కదా. ‘నాకు సంబంధం లేదు’ అని తప్పుకుంటే అదీ మంచిదే, ఇక మీవారికి మొహమాటం తీరిపోతుంది.

ఆదివారం నాడు పాత గొడవలు తవ్వకండి. మిగిలిన పనిని ముక్కలు చేసి, ఏది ఏ తేదీకో, అది అయ్యాక ఎంత ఇస్తారో రాయండి. ముందు ఒక బాత్‌రూము, నీళ్లు నిలబెట్టి చూశాకే దాని డబ్బు. తర్వాత రెండోది, వంటగది, హాలు, చివర రంగులు. ఆఖరి 30,000 పని అప్పగించిన రెండు నెలలకి. వానల్లో కారేవి అప్పటికి బయటపడతాయి. తెల్లకాగితమైనా పర్వాలేదు, అతని సంతకం, సాక్షిగా బావగారి సంతకం ఉండాలి. అక్కడే మీవారు అతనితో ‘ఇంటి దగ్గర ఉండి చూసేది ఆవిడ, పని విషయంలో ఆవిడ మాటే నా మాట’ అని అనాలి. ఇది ముందే మాట్లాడుకుని వెళ్లండి. ఆ ఒక్క మాటతో మీ ఇద్దరి మధ్య సగం చిక్కు విడిపోతుంది.

రాసిన తేదీకి కూడా అతను రాకపోతే, 15 రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫోటోలు తీసుకుని, ఆ తర్వాతే వేరే మేస్త్రీని దింపండి. కొత్తాయన వస్తూనే ‘అంతా పగలగొట్టాలి’ అంటాడు, ఇంజనీరు చెప్పిన మేరకే ఒప్పుకోండి. డబ్బు పోయినట్టేనని భయపడకండి. సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఒప్పందం కాగితం లేకపోయినా ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు ఆధారాలే, ఒక్కటీ చెరిపేయకండి. ముందుగా సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకి ఉచిత న్యాయసహాయం ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, వాళ్ల నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి వాళ్లు పిలిపించగలరు. బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రెరాకి (స్థిరాస్తి నియంత్రణ సంస్థకి) వెళ్లమని ఎవరైనా అంటారు, సొంతింటి మరమ్మతులు దాని కిందికి రావు. పోలీసులు ఇప్పిస్తారని కూడా ఆశ పెట్టుకోకండి.

మామగారి విషయానికొస్తే, పంపండి. పాత ఫ్లోరింగ్ పగలగొట్టే రోజుల్లో ఆయాసం ఉన్న మనిషి ఆ ఇంట్లో ఉండకూడదు, ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. ‘నాన్నగారికి దుమ్ము పడటం లేదు, పదిహేను రోజులు మీ దగ్గర ఉంచుకో అక్కా’ అని మీవారే ఆడపడుచుకి ఫోన్ చేస్తే సరిపోతుంది. పెద్దాయన వెళ్లి అక్కడ కూర్చుంటే, మేస్త్రీ ఎక్కడిదాకా వచ్చాడో రోజూ కనుక్కునే పని బావగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.