పత్తి పోయిన ఏడాది ప్రార్థన ఎట్ల చేసుకోవాలె

తమ్మీ,

ప్రభువు నామంలో వందనాలు. వానలకు పత్తి కాయ మురిగిందని, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తిదారుకు (పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారికి) కట్టాల్సిన బాకీ అట్లనే ఉన్నదని, ప్రార్థనకు కూర్చుంటే మాట వస్తలేదని రాసినవ్. సంతోషం బలవంతంగ తెచ్చుకోమని నేను చెప్పను. అది వచ్చే తొవ్వ బైబిలు కీర్తనలల్ల ఉన్నది, దానికొక వరుస ఉన్నది.

పొద్దుగాల ఫోన్ ముట్టకముందు పావుగంట చాలు. వారం రోజులు 13వ కీర్తన ఒక్కటే చదువు, ఆరే వచనాలు. బయటికి వినపడేటట్టు చదువు. మనసుల చదివితే రెండో వచనానికే ఆలోచన అప్పు మీదికి పోతది. మొదటి రెండు వచనాలల్ల దావీదు ఇంకెన్నాళ్లని దేవుణ్ణే నిలదీస్తడు. అక్కడ ఆగి నీ మొర చెప్పుకో, పోయిన క్వింటాళ్లు, కట్టాల్సిన రూపాయలతో సహా. 3, 4 వచనాల కాడ ఈ ఒక్క రోజుకు కావలసింది ఒక్కటే అడుగు. చివరి రెండింటి కాడ నిన్న జరిగిన మేలు ఒకటి పేరుపెట్టి చెప్పు: పక్కచేను ఆయన మోటరు ఇచ్చిండు, పిల్లకు జ్వరం దిగింది, అట్ల. ఊకె 'అన్నిటికీ స్తోత్రం' అంటే నోటికి అలవాటైన మాట, మనసుకు తగలది.

చాలామంది మొదటి మెట్టు దాటేసి నేరుగ స్తుతికి పోతరు. దేవుని ముందర చెప్పుకోని బాధ మాపటికి ఇంట్లోళ్ల మీద కోపమై పడతది. స్తుతి రాని రోజు మొర కాడనే ఆపెయ్యి. 88వ కీర్తన చీకట్లనే ముగుస్తది, అదీ ప్రార్థననే.

బైబిల్ల హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడే అధ్యాయాలు, ఒక్కసారి కూర్చొని చదవొచ్చు. ఫిర్యాదుతోని మొదలైతది. మూడో అధ్యాయం 17వ వచనంల అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు, ఆరు నష్టాలు వరుసగ లెక్కపెడతడు. ఒక్కటి కూడ తిరిగి రాలేదు. అయినా 18వ వచనంల దేవునిలో ఆనందిస్తనంటడు. పంట పోలేదని నటించాల్సిన పని నీకు లేదు. ఆ ఆరింటి పక్కన నీ పత్తి కూడ రాసుకో.

రాత్రి తిన్నంక బాకీ లెక్కలు తియ్యకు. చావు కోరుకొని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు మొదట పంపింది ఉపదేశం కాదు, రొట్టె, నీళ్లు, మళ్ల నిద్ర. అది రెండుసార్లు జరిగినంకనే మాట్లాడిండు. అందుకని తిను, పండుకో. బీపీకో షుగరుకో గోలీలు వాడుతుంటే డాక్టరును అడగక ఉపవాసం పట్టకు. పురుగుల మందు డబ్బాలు ఇంట్ల ఉంచకు. వేరే కాడ పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్లకియ్యి. బతుకు మీద విరక్తి పుడితే ఆ రాత్రే ఇంట్లోళ్లకు, పాస్టరుగారికి చెప్పు, 14416కు ఫోన్ చెయ్యి. అది సర్కారు టెలీమానస్, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ఆ ఫోన్ చేసుడు విశ్వాసం తక్కువై కాదు.

అప్పు తెచ్చి కానుక వెయ్యకు. ఇంత ఇస్తే బాకీ తీరుతదని స్టేజీ మీద ఎవరు చెప్పినా నమ్మకు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 రూపాయలు. అది మొక్కుతోని తగ్గది. మెదక్ చర్చి చూసినవ్ గదా, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన్రు. కరువుల ఆకలికున్నోళ్లకు పని, తిండి దొరకాలనే మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడం పని పెట్టిండు. సంఘమంటే అట్ల చెయ్యందియ్యాలె. కాబట్టి సిగ్గుతోని ఆదివారం మానకు. కూడికల అందరి ముందర చెప్పాల్సిన పని లేదు. నోరు జారని పెద్దలు ఇద్దరిని ఇంటికి పిలిచి, చేతిల పాసుబుక్కు పెట్టి చెప్పు. ప్రార్థన చేసి, అడ్తిదారు కాడికి నీతోని రమ్మని అడుగు.

13వ కీర్తన వారం అయినంక 42, 43 కీర్తనలు కలిపి చదువు. నా ప్రాణమా ఎందుకు కుంగినవ్ అనే పల్లవి రెండింటిల కలిపి మూడుసార్లు వస్తది. మూడుసార్లూ బయటికే అను.