వాల్వులు కొనే ముందు

అల్లుడూ,

పొద్దున్నే ఇంజను అందుకోవటం లేదు, తెల్లపొగ కక్కుతోంది, మూడో సిలిండరు కొట్టడం లేదు, నెల్లూరు పోయి వాల్వుల సెట్టు తెచ్చేస్తా అన్నావు. ఒక్కరోజు ఆగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సర్కారు నిషేధం, ఎటూ వేట లేదు, బోటు గట్టునే ఉంటది. జువ్వలదిన్నెలో పక్క బోటోళ్లు హెడ్డు (సిలిండర్ల మీద మూతలా బిగించే దిమ్మ, వాల్వులు ఉండేది అందులోనే) దించారని నువ్వూ దించబాక. దించితే చెరిగిపోయే ఆనవాళ్లు కొన్ని ఉంటాయి.

ముందు రాకర్ కవరు విప్పి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ గ్యాపులన్నీ, అంటే వాల్వు కాడకూ దాన్ని తొక్కే రాకర్‌కూ మధ్య సందులు, ఫీలర్ గేజ్ అనే సన్నరేకులతో కొలిచి కాయితం మీద రాసుకో. మిగతావన్నీ ఇంజను బుక్కులో చెప్పిన లెక్కకు దగ్గరగా ఉండి, మూడో దాని ఎగ్జాస్ట్ (పొగ పోయే వాల్వు) ఒక్కటే గేజ్ దూరనంత బిగుసుకుని ఉందనుకో, సగం జవాబు ఆడే దొరికినట్టు. ట్యాపెట్ టకటకమంటే మనోళ్లు హడలిపోతారు, చప్పుడు లేకపోతే మురిసిపోతారు. నేనైతే చప్పుడు లేనిదాన్నే అనుమానిస్తా. సీటు, అంటే వాల్వు ఆనే రింగు, అరిగేకొద్దీ వాల్వు ఇంజను హెడ్డులోకి దిగుద్ది, స్టెమ్ (దాని కాడ) పైకి లేస్తది, గ్యాపు తగ్గుతా వస్తది. ఆఖరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం సీటుకు ఆనినప్పుడే వదిలించుకుంటది. ఆనకపోతే మంట ఆ సందులోంచే పోతా అంచును కోసేస్తది.

తర్వాత ఇంజెక్టర్లు తీసి, ఒక్కో పిస్టన్‌నూ కంప్రెషన్లో పైదాకా తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా ఇంజెక్టర్ బొక్కలోంచి కంప్రెసర్ గాలి పెట్టు. తక్కువ గాలితో మొదలుపెట్టు. పిస్టన్ కాస్త అటూ ఇటూ ఉన్నా క్రాంకు గిర్రున తిరుగుద్ది, ఫ్లైవీలు దగ్గర ఎవరినీ నిలబడనీబాక. బుస్సుమనేది ఎయిర్ ఫిల్టర్ వైపు వినపడితే గాలి లోపలికొచ్చే ఇన్లెట్ వాల్వు కారుతున్నట్టు, సైలెన్సర్ వైపు అయితే ఎగ్జాస్ట్. ఆయిల్ పోసే మూతలోంచి కొద్దిగా రావటం మామూలే, మిగతా సిలిండర్లతో పోల్చి చూడు. ఆడే జోరుగా వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు, వాల్వుల డబ్బు దండగ. ఇంజను చల్లబరిచే నీళ్ల ట్యాంకులో బుడగలు లేస్తే గ్యాస్కెట్టో, హెడ్డు పగులో.

హెడ్డు దించాక అట్టముక్కకు బొక్కలు పెట్టి, నంబరు వేసి, ఏ వాల్వును ఆ బొక్కలో గుచ్చు. వాల్వు స్ప్రింగును పట్టి ఉంచే కాటర్లు తీశాక స్టెమ్ చివర వేలితో తడుము. రాకర్ దెబ్బకు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆకురాయితో అరగదీసి అప్పుడు లాగు. అట్టాగే సుత్తితో కొట్టి లాగితే గైడు (కాడ జారే గొట్టం) లోపల గీతలు పడతాయి.

వాల్వును వెలుతుర్లో తిప్పి చూడు. సీటుకు ఆనే చోట చుట్టూ ఒకే వెడల్పున బూడిదరంగు పట్టీ ఉంటే సుబ్బరంగా ఉన్నట్టే. ఒక్కచోటే నల్లగా గాడి పడి అంచు కొరికినట్టుంటే కాలింది. చుట్టూ సన్న గుంటలుంటే కార్బన్ నలిగిన గుర్తు. తల అంచు మందం ఒక మిల్లీమీటరు కన్నా సన్నబడి పదునెక్కితే గ్రైండింగ్ మాటెత్తబాక, పారెయ్. గాజుపలక మీద, తల బయటికి ఉండేట్టు స్టెమ్‌ను దొర్లించు. తల ఊగిందా, వంగింది. వంగిన వాల్వును సరిచేస్తానన్న మెకానిక్కుకు దణ్ణం పెట్టి వచ్చెయ్. ఒక్కటే కాలి ఉంటే ఆ సిలిండరు ఇంజెక్టర్ కొసనుండే నాజిల్ కూడా డీజిల్ పంపు షాపులో చూపించు. పిచికారీ కొట్టకుండా బొట్లు కారుస్తుంటే కొత్త వాల్వుకూ అదే గతి.

స్టెమ్ మీద ఎర్రతుప్పు గుంటలుంటే ఉప్పునీళ్ల పని. మీది సముద్రపు నీళ్లు కలిసే సైలెన్సర్. ఇంజను అందుకోని రోజు సముద్రపు నీళ్లు లోపలికొచ్చే కాక్ తెరిచే ఉంచి సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే పంపు నీళ్లు తోడతానే ఉంటది, వాటిని బయటికి తోయడానికి పొగ ఉండదు. సైలెన్సర్ నిండి, ఆ నీళ్లు వెనక్కి ఎగ్జాస్ట్ వాల్వు మీదికొస్తాయి. ఇంకమీదట అట్టాంటి రోజు కాక్ మూసి కొట్టు, అందుకోగానే తెరువు.

కొత్త వాల్వును పాత గైడులో పెట్టి ఊపి చూడు. ఆట ఎక్కువుంటే గైడు మార్చాల్సిందే. సీటు కట్టింగ్ ఆ తర్వాతే, ఎందుకంటే కట్టర్ నిలబడేది గైడు ఆధారంతోనే. కావలి లేత్ షాపులో దగ్గరుండి ఈ వరస చూసుకో. సీటు పట్టీ వెడల్పు చాలా ఇంజన్లకు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, మీ బుక్కు ఏమంటదో అదే ఖాయం. వాల్వు తల హెడ్డు మట్టానికి ఎంత లోపలుందో డెప్త్ గేజ్‌తో కొలవమను. మరీ దిగితే కంప్రెషన్ రాదు, పైకి తేలితే పిస్టన్‌కు తగులుద్ది. దిగిపోయిన సీటుకు కొత్త రింగు కొట్టించు.

గ్రైండింగ్ పేస్టుతో నూరేది పట్టీ చుట్టూ తెగకుండా వచ్చేదాకే. పేస్టు చుక్క మిగలకుండా కడిగి, స్ప్రింగులు బిగించి, హెడ్డును పక్కకు పెట్టి పోర్టుల్లో (గాలి, పొగ పోయే దారుల్లో) డీజిల్ పొయ్యి. కిరసనాయిలే మేలు గానీ ఇప్పుడు యాడ దొరుకుద్ది! కాసేపటికి సీటు దగ్గర తడి తేలితే ఆ వాల్వు మళ్లీ నూరాలి.

గ్యాస్కెట్టు కొత్తదే వెయ్యి. హెడ్డు బోల్టులు మధ్యలోంచి బయటికి, మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించు. జెట్టీ దగ్గరే ఇంజను నడిపి, పూర్తిగా చల్లారాక గ్యాపులు మళ్లీ కొలువు. మూడో ఎగ్జాస్ట్ అప్పుడే తగ్గుతా ఉంటే సీటు సరిగా కూర్చోలేదు, జూన్ 14 లోపలే హెడ్డు తిరిగి లేత్ షాపుకు పట్టుకుపో.

మీ మామ,
కొత్తపట్నం