ఎత్తులో పని: ఎక్కేది మీరు, మరి దింపేదెవరు?

ప్రశ్న: టవర్ పనిలోకి కొత్తగా వచ్చానండి. నాకో నడుం బెల్టు, దానికో తాడు ఇచ్చారు. రెండు హుక్కులు మార్చుకుంటూ ఎక్కితే ఎక్కడానికే సగం పూట పోద్ది, పైకెళ్లాక తగిలించుకో చాలు అంటున్నారు సీనియర్లు. ఒంటికంతా కట్టుకునే పట్టీల సెట్టు, అదే హార్నెస్, కావాలని గట్టిగా అడగొచ్చా?

జవాబు: అడగండి, ఇవ్వకపోతే ఎక్కకండి, ఇందులో మొహమాటం ఏంలేదు. నడుం బెల్టు పైన నిలబడి రెండు చేతులా పని చేసుకునేటప్పుడు వెనక్కి ఆనుకోడానికి పనికొస్తుంది గానీ పడేవాణ్ణి ఆపడానికి కాదు, పడితే దెబ్బంతా నడుం మీదే పడి వెన్ను విరగొచ్చు, లేదా తలకిందులై మనిషే అందులోంచి జారిపోవచ్చు. ఫుల్ బాడీ హార్నెస్ అయితే ఆ బలాన్ని తొడలకీ భుజాలకీ పంచుతుంది, తాడులో ఉండే షాక్ అబ్జార్బర్ కుట్లు తెంచుకుంటూ సాగి దెబ్బని ఇంకా తగ్గిస్తుంది. ఒకసారి అలా సాగిన సెట్టు మళ్లీ వాడొద్దు, పక్కన పడేయడమే.

పైకెళ్లాక తగిలించుకో అన్న మాట మాత్రం నాకస్సలు నచ్చలేదు. ఎక్కుతూ దిగుతూ పడేవాళ్లు లేరా ఏంటి? తాడుకి రెండు హుక్కులుండాలి, ఒకటి తీసేటప్పుడు రెండోది టవర్‌కి తగిలించే ఉండాలి, అంతే. హుక్కు తలకి పైన వేయండి. కాళ్ల దగ్గర వేస్తే 1.8 మీటర్ల తాడు, అబ్జార్బర్ సాగేది, మన ఒంటి పొడవు అన్నీ కలిసి హుక్కు కింద సుమారు 6 మీటర్ల ఖాళీ కావాలి, మధ్యలో ప్లాట్‌ఫాం ఉంటే తాడు ఆపేలోపే దానికి గుద్దుకుంటారు. ఇంకోటి, ఇది చాలామంది చేసే పని, వాడని రెండో హుక్కుని హార్నెస్ మీదున్న గట్టి ఇనప రింగుకి తగిలించేస్తారు. అలా చేస్తే పడ్డప్పుడు అబ్జార్బర్ పూర్తిగా సాగదు, దెబ్బ నేరుగా ఒంటికే. హుక్కు పెట్టుకోడానికి ఛాతీ పట్టీ మీద లాగితే ఊడిపోయే లూప్ విడిగా ఉంటుంది, అందులోనే పెట్టండి.

ఇక మీరు అడగనిది, నేను అందరికంటే ముందు అడిగేది: పడి ఆగాక దింపేదెవరు? గాల్లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్లల్లో నిలిచిపోతుంది, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే పని కాదు. కింద దింపే కిట్టు, దాన్ని వాడటం వచ్చిన మనిషి సైట్లోనే ఉండాలి, మీ హార్నెస్‌కి కాలు పెట్టి నిలబడే చిన్న పట్టీ కూడా ఉండాలి. దించాక పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టే ఉంచాలి అని ఒక పాత మాట ఇంకా తిరుగుతోంది. బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ 2009లో చేయించిన సమీక్షలో దానికి ఆధారం దొరకలేదు. మామూలు ఫస్ట్ ఎయిడ్ లాగే పడుకోబెట్టి శ్వాస చూడండి.

ప్రశ్న: మేం ఓవర్‌హెడ్ ట్యాంకులు కడుగుతాం. లోపలికి దిగినతను కళ్లు తిరుగుతున్నాయంటే పైనున్నతను వెంటనే దిగబోయాడు, నేను ఆపితే అందరూ నన్నే తిట్టారు. తాగే నీళ్ల ట్యాంకులో విషవాయువు ఎక్కడిదండీ?

జవాబు: మీరు ఆపింది వంద శాతం కరెక్టు. నీళ్లు మంచివే, సమస్య గాలితో. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కంటే తగ్గితే దిగకూడదు. చాలాకాలం మూసి ఉన్న ఇనప ట్యాంకులో తుప్పే ఆక్సిజన్ తినేస్తుంది. బ్లీచింగ్ మీద యాసిడ్ పోస్తే క్లోరిన్ వస్తుంది, అది గాలికంటే బరువు కాబట్టి అడుగునే కూర్చుంటుంది, అంటే మనిషి వంగి రుద్దే చోట. నీళ్లు తోడడానికి ఇంజిన్ లోపలికి దించితే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన కూడా ఉండదు. వాసన చూసి దిగడం, దీపం దించి చూడటం రెండూ వద్దు, లోపల పెయింటు వేసి ఉంటే దీపంతో మంటే అంటుకోవచ్చు. ఆక్సిజన్, విషవాయువులు కొలిచే గ్యాస్ మీటర్‌ని తాడుకి కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూసి, లోపలికి గాలి కొట్టే బ్లోయర్ పెట్టి, అప్పుడు దిగండి.

రక్షించబోయినవాళ్ల సంగతంటారా, ఇలాంటి మూసిన చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా అలా దిగినవాళ్లేనని అమెరికా కార్మిక భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. అందుకే దిగేముందే హార్నెస్‌కి తాడు, మ్యాన్‌హోల్ మీద మూడుకాళ్ల స్టాండు (ట్రైపాడ్), దానికి తాడు చుట్టి పైకి లాగే వించ్. కళ్లు తిరిగితే పైనుంచే లాగేస్తారు, ఎవరూ దిగక్కర్లేదు.

ప్రశ్న: యాంటెన్నా ముందు నిలబడి పని చేయొచ్చా? పైన స్పానర్లు జేబులో పెట్టుకోవడం మామూలే కదా?

జవాబు: ఆన్‌లో ఉన్న ప్యానల్ యాంటెన్నా ముందూ, డిష్ ముందూ వద్దు. రేడియో తరంగాలు ఒంటిని లోపల్నుంచి వేడెక్కిస్తాయి, చాలాసార్లు చురుక్కుమని తెలియదు కూడా. ఆపరేటర్‌తో సిగ్నల్ ఆఫ్ చేయించి, ఆఫ్ అయిందని ఛాతీకి తగిలించుకునే, తరంగాలు కొలిచే మీటర్‌లో చూసుకున్నాకే ముందుకెళ్లండి. ఇక స్పానర్ 40 మీటర్ల నుంచి జారితే కిందికొచ్చేసరికి దాని వేగం గంటకి 100 కిలోమీటర్లు, దాన్ని హెల్మెట్ కూడా ఆపదు. జేబు కాదు, తాడుతో ఒంటికి కట్టుకోండి, టవర్ చుట్టూ కింద రిబ్బన్ కట్టి ఎవరినీ రానివ్వకండి, దింపే కిట్టు పట్టుకునే మనిషి కూడా ఆ రిబ్బన్ బయటే నిలబడాలి.