డాక్టర్ సలహా: సీటు సంగతి తర్వాత, ముందు ఆ మాత్రల సంగతి చూద్దాం

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. ఇంటర్ బైపీసీ అయ్యాక లాంగ్ టర్మ్‌లో చేరి రెండోసారి నీట్ రాయబోతున్నాను. ప్రాక్టీస్ టెస్టుల్లో 430 నుంచి 470 వరకు వస్తున్నాయి. నెల రోజులుగా ఇంకా తగ్గుతున్నాయి. పక్కవాళ్లు 550 దాటుతున్నారు. ఎంబీబీఎస్ సీటు తెచ్చుకునే సత్తా నాకుందా అని భయంగా ఉంది. నిద్ర పట్టక హాస్టల్లో ఫ్రెండ్ ఇచ్చిన ఆల్ప్రాజోలామ్ 0.25 రోజూ రాత్రి ఒకటి వేసుకుంటున్నాను, నెలన్నర అయింది. చదువుకోవడానికి రాత్రి రెండు టిన్నుల ఎనర్జీ డ్రింక్ తాగుతాను. గుండె దడ, నీరసం ఉన్నాయి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. పరీక్ష రోజు టెన్షన్ రాకుండా ప్రొప్రనలాల్ 20 వేసుకోమంటున్నారు. చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇప్పుడు చలికాలంలోనే వస్తోంది. జ్ఞాపకశక్తికి ఏ మందు మంచిది? ఈ మార్కులకు కన్వీనర్ కోటాలో సీటు వస్తుందా? సైకియాట్రిస్ట్‌కు చూపించుకుంటే రేపు సీటుకు అడ్డం వస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు ఆయాసం సంగతి చివర్లో ఒక ముక్కలో రాసి వదిలేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ప్రొప్రనలాల్ మీరు వేసుకోకూడదు. పరీక్ష రోజే కాదు, ముందు ఒకసారి వేసి చూద్దామని కూడా వద్దు. ఆ మందు గుండె వేగాన్ని తగ్గిస్తుంది, దడకూ చేతుల వణుకుకూ డాక్టర్లు రాస్తారు కూడా. కానీ అది గుండె దగ్గరే ఆగదు, ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాల మీదా పనిచేస్తుంది. ఆస్తమా తత్వం ఉన్నవాళ్లలో ఆ గొట్టాలు బిగుసుకుపోయి ఆయాసం ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. అప్పుడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినా రోజూలా పనిచేయకపోవచ్చు, ఎందుకంటే అది పట్టుకోవాల్సిన చోటును ఈ మాత్ర ముందే ఆక్రమించి ఉంటుంది. 20 మిల్లీగ్రాములు చిన్న మోతాదే కదా అనుకోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇంత లోపల సురక్షితం అని గీత గీయలేం. చలికాలంలో మాత్రమే వచ్చే ఆయాసం కూడా ఆయాసమే. మీకు ఆ సలహా ఇచ్చినవాళ్లు ఈ ప్రశ్న అడిగి ఉండరు. డాక్టరైతే అదే మొదట అడుగుతారు.

ఇక ఆల్ప్రాజోలామ్. మార్కులు తగ్గడం మొదలై నెల అయిందన్నారు, మాత్ర మొదలై నెలన్నర అయిందన్నారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశారా? ఈ మందు తెచ్చే మత్తు నిద్రలానే కనిపిస్తుంది గానీ, కొత్తగా చదివింది మెదడులో నిలవడాన్ని అది దెబ్బతీస్తుంది. దాని ప్రభావం పొద్దున్నే పోదు కూడా. చాలామందిలో సగం మందు ఒంట్లోంచి పోవడానికి సుమారు 11 గంటలు పడుతుంది. అంటే రాత్రి 12కు వేసుకుంటే మర్నాడు ఉదయం 11 గంటల క్లాసులో కూర్చునేసరికి ఇంకా సగం ఉంటుంది. మీ మార్కులు తగ్గడానికి ఇదొక్కటే కారణమని చూడకుండా చెప్పలేను. కానీ ఒకవైపు ఈ మాత్ర వేసుకుంటూ మరోవైపు జ్ఞాపకశక్తికి మందు అడగడం మాత్రం నన్ను కలవరపెట్టింది.

ఇది చదివి ఈ రాత్రి నుంచే మానేయాలని మాత్రం అనుకోకండి. వారాల తరబడి రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, చెమటలు, వణుకు, ముందుకంటే ఎక్కువ ఆందోళన రావచ్చు. అరుదుగా ఫిట్స్ కూడా వస్తాయి. మీది తక్కువ మోతాదే, అయినా ఆ రిస్కు మీ అంతట మీరు తీసుకోవద్దు. కొద్దికొద్దిగా ఎంత తగ్గించాలి, ఎన్ని వారాల్లో ఆపాలి అన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. రెండు మూడు రోజుల్లో వెళ్లండి. ఈలోగా నిద్ర పట్టలేదని రెండో మాత్ర వేసుకోవద్దు. మగత తెచ్చే జలుబు మాత్రలు, దగ్గు సిరప్పులు దీనితో కలపవద్దు. ఆ స్ట్రిప్పు మీద ఎర్ర అంచు గీసిన పెట్టెలో హెచ్చరిక ఉంటుంది, చూడండి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మిన షాపు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. 2014 నుంచి ఉన్న నిబంధన ఇది. హాస్టల్లో చేతులు మారుతున్న స్ట్రిప్పుకు ఈ కాపలా ఏదీ లేదు. మీ ఫ్రెండ్ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటుంది. తనూ వేసుకుంటోందేమో అడగండి, వేసుకుంటుంటే తననీ వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎనర్జీ డ్రింక్ 250 మిల్లీలీటర్ల టిన్నులో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రెండు టిన్నులంటే 150. దానికి కాఫీ, టీలు అదనం. రాత్రి 10కి తాగిన కెఫీన్‌లో సగం తెల్లవారుజామున 3 గంటలకు కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. ఆ దడ, ఆ నిద్రలేమి చాలావరకు ఇక్కడే పుట్టి ఉండవచ్చు. దాన్ని అణచడానికి మత్తు మాత్ర, మాత్ర బరువును దులుపుకోవడానికి మర్నాడు మళ్లీ టిన్ను. ముందుగా మధ్యాహ్నం 2 దాటాక కెఫీన్ ఆపండి. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి, భయపడక్కర్లేదు. ఒకేసారి మానలేకపోతే రెండు టిన్నులు ఒకటిగా, ఒకటి అర కాఫీగా, వారం పది రోజుల్లో దించండి.

దడ, నీరసం, జుట్టు రాలడం మూడూ కలిసి ఉన్న 19 ఏళ్ల అమ్మాయికి 'అంతా టెన్షనే' అని రాసి పంపించడం తప్పు. రక్తహీనత, థైరాయిడ్ చూడాల్సిందే. కంప్లీట్ బ్లడ్ పిక్చర్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీ12, ఒక ఈసీజీ. మొదటి చూపుకు ఇవి చాలు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. 12 ఉన్నా ఫెరిటిన్ అడుగంటితే నీరసం, జుట్టు రాలడం ఉండవచ్చు. నెలసరి ఏడు రోజులు మించుతోందా, గంటా రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా? ఇవన్నీ డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఐరన్ మాత్ర రాస్తే టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకు కనీసం గంట రెండు గంటలు దూరంగా వేసుకోవాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే కంగారు వద్దు. నెల రోజులకే బాగుందని మానేసేవాళ్లు ఎక్కువ, అందుకే మళ్లీ మొదటికొస్తుంది. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు వాడాలి.

బయోటిన్ గురించి రాయడం మంచిదైంది. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ యంత్రాల్లో థైరాయిడ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4 ఎక్కువగా చూపిస్తుంది. దడ కూడా ఉంది కాబట్టి లేని థైరాయిడ్ జబ్బుకు మందు మొదలయ్యే ప్రమాదం ఉంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, వాడుతున్నట్టు ల్యాబ్‌లోనూ డాక్టర్‌కూ చెప్పండి.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి చదివింది గుర్తుండేలా చేసే మాత్ర లేదు. బీ12 లోపం ఉంటే బీ12 పనిచేస్తుంది, లోపం లేకపోతే లేదు. కోచింగ్ హాస్టళ్లలో మోడఫినిల్ పేరు వినిపిస్తుంటుంది. అది పగటిపూట అదుపులేని నిద్ర జబ్బులకు వాడే మందు. దడ, తలనొప్పి, నిద్రలేమి తెస్తుంది, అరుదుగా ఒళ్లంతా తీవ్రమైన దద్దుర్లు వస్తాయి. మీకున్న ఇబ్బందులే అది ఇంకా పెంచుతుంది. ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. పరీక్ష నాటికి నెలసరి వాయిదా వేయడానికి షాపులో మాత్రలు కొనుక్కోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. రక్తం గడ్డకట్టే తత్వం, కళ్ల ముందు మెరుపులు కనిపించే (ఆరా) మైగ్రేన్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. అవసరమైతే నెల ముందే గైనకాలజిస్ట్‌ను కలవండి, పరీక్షకు మూడు రోజుల ముందు కాదు.

నిద్రకు నేను చెప్పేది చప్పగా అనిపించవచ్చు గానీ పనిచేసేది అదే. పొద్దున లేచే సమయం ఒకటే పెట్టుకోండి, 6 అంటే ఆదివారమైనా 6. మంచం మీద పుస్తకం వద్దు, ఫోన్ వద్దు. పడుకున్న ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, కునుకు వస్తేనే మళ్లీ పడుకోండి. పగటి కునుకు మధ్యాహ్నం 3 లోపే, అదీ 20 నిమిషాలు మించకుండా. మొదటి వారం నిద్ర ఇంకా తగ్గినట్టుంటుంది, రెండో వారం దాటాక కుదురుకుంటుంది. ఏడు గంటల కంటే తక్కువ నిద్రతో గెలిచానన్న గంటను మర్నాటి క్లాసులో పోగొట్టుకుంటారు. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. రాత్రి రెండింటి దాకా చదివే అలవాటున్న మెదడుకు అది సరిగ్గా మగత వేళ. కాబట్టి చివరి ఆరు వారాలు ప్రాక్టీస్ టెస్టులు అదే వేళకు రాయండి. 12 గంటలకల్లా తేలికగా తినండి, రోజూ పడే పెరుగన్నమో ఇడ్లీయో చాలు. ఆ రోజు కొత్త తిండి, కొత్త మాత్ర ఏదీ వద్దు. గేటు 1.30కే మూస్తారని గుర్తుంచుకోండి.

హాల్లో దడ మొదలైతే పెన్ను కింద పెట్టండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా వదలండి. రెండు నిమిషాలు. భయంలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. దాన్ని గుండెపోటు అనుకుని ఇంకా భయపడతారు. ఊపిరి వదలడం పొడవైతే అది సర్దుకుంటుంది. ఇప్పటి నుంచే రోజుకు రెండు పూటలా చేస్తేనే ఆ రోజు చేతికొస్తుంది. 180 ప్రశ్నలకు 180 నిమిషాలుంటాయి, రెండు నిమిషాలు పోతే పోనీయండి. కంగారులో గుడ్డిగా పెట్టిన ఒక తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. పదిహేను అలా పెడితే పదిహేను మార్కులు.

సీటు సంగతి. 430 మంచిదా చెడ్డదా అని మార్కును చూసి చెప్పలేం. 2024లో సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో పేపరు కఠినంగా వచ్చి మొదటి ర్యాంకు 686 దగ్గరే ఆగింది. జనరల్‌లో అర్హత మార్కు 162 నుంచి 144కు దిగింది. ఒక సంస్థ ప్రాక్టీస్ పేపర్లో వచ్చిన మార్కును మరో ఏడాది కటాఫ్‌తో పోల్చుకుని ఏడవడం అనవసరం. ర్యాంకు చూసుకోండి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో గత ఏడాది మీ కేటగిరీ, మీ లోకల్ ఏరియాలో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో వెతికి, దాన్ని దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ కాలేజీల్లో 85 శాతం రాష్ట్ర కోటా కాక 15 శాతం ఆల్ ఇండియా కోటా వేరుగా ఉంటుంది. మీ టెస్టుల్లో తప్పులను మూడు కుప్పలుగా విడదీయండి: తెలియనివి, తెలిసీ చదవడంలో పొరపాటు పడ్డవి, గుడ్డిగా పెట్టినవి. రెండోది, మూడోది ఎక్కువుంటే అది చదువు లోపం కాదు, నిద్రకూ ఆందోళనకూ సంబంధించింది, దాన్ని సరిచేయవచ్చు. ఈ పరిస్థితిలో వచ్చిన 450ని మీ అసలు సత్తా అని నేను ఒప్పుకోను. అలాగని సీటు వస్తుందనీ హామీ ఇవ్వలేను.

సైకియాట్రిస్ట్‌కు చూపించుకున్నందుకు సీటు ఇవ్వకూడదన్న నిబంధన ఏదీ నీట్ అర్హతల్లో లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం. ఈ భయంతోనే పిల్లలు నెలల తరబడి డాక్టర్‌కు చూపించుకోకుండా షాపు మాత్రల్లో పడిపోతున్నారు. మొదట ఆగ్రహించాల్సింది పెద్దల మీదే అనుకోండి, కానీ మీరూ ఇంట్లో చెప్పకుండా నెలన్నర గడిపారు, అది సరికాదమ్మా.

మీరు రాయలేదు గానీ అడగకుండా ఉండలేను. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకడం దండగ అనిపించడం, చనిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏదైనా ఉందా? ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇవాళే ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. హాస్టల్లో ఒంటరిగా ఉండకండి.

దడతో పాటు స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, ఫిట్స్ వస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. అవేవీ లేకపోతే పైన చెప్పినట్టు రెండు మూడు రోజుల్లోనే జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. ఆల్ప్రాజోలామ్, బయోటిన్, ఇన్‌హేలర్ ఉంటే అదీ, అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని అమ్మతోనో నాన్నతోనో వెళ్లండి. మిమ్మల్ని చూడకుండా రాసిన జవాబు ఇది. మోతాదులు, మందుల మార్పులు ఆ డాక్టర్ చెప్పినట్టే చేయండి.